తాళం పట్టని నట్టు

మా తోడికోడలు పోయింది. ఆ రోజు పొద్దున్నే ఆవిడ కూతురు ఫోన్ చేసి, "పిన్నీ, అమ్మ లేదు" అంది. ఆవిడ కొన్నాళ్ళుగా ఆయాసపడుతూనే ఉంది, ఆసుపత్రికి రానని మొండికేసింది. ఈ కబురు వస్తుందని నాకు ముందే తెలుసు. ముందే తెలిసినందువల్ల ఒరిగేదేమీ లేదని ఫోన్ పెట్టేశాక అర్థమైంది.

ఏడవాల్సిందంతా ఏడ్చాను. ఇప్పుడు ఈ నాలుగు మాటలూ రాయడానికి కూర్చున్నది మాత్రం కోపంతో.

పదకొండో రోజు భోజనాల దగ్గర మా పెద్ద బావగారి కొడుకు లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకుని, "మా పిన్ని శాంతమూర్తి. ఏనాడూ గొంతు పెంచి మాట్లాడి ఎరగదు. బాబాయి పోయాక మా నాన్నగారే అండగా నిలబడి, కారిచ్చి, ఉద్యోగానికి పంపించి, ఆ సంసారాన్ని ఒడ్డుకు చేర్చారు" అన్నాడు. విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళంతా తలలూపారు. నేను పెరుగన్నం వదిలేసి చెయ్యి కడుక్కున్నాను.

వాడు అబద్ధమాడాడని అనను. అప్పటికి వాడు బడికెళ్ళే పిల్లవాడు, గోదావరి వైపు తాతగారి ఊళ్ళో ఉండి చదువుకుంటున్నాడు. ఇంట్లో అలాగే చెప్పి పెంచి ఉంటారు. కానీ నేను అక్కడే ఉన్నాను. ఆ కారు ఎవరిచ్చారో, దాని చక్రం ఎలా ఊడిందో కళ్ళారా చూసినదాన్ని. ఆవిడ గొంతు సంగతంటారా, అది కంచరపాలెంలో మా వీధి వీధంతా విన్నదే.

మా అత్తవారిది గోదావరి వైపు. ముగ్గురన్నదమ్ములూ పోర్టు పనుల కోసం విశాఖపట్నం వచ్చి, కంచరపాలెంలో రైలు కట్టకి దగ్గరగా పక్కపక్క వాటాల్లో కాపురాలు పెట్టారు. పెద్దాయన ఓడల ఏజెంటు ఆఫీసులో గుమస్తా. రెండో ఆయన ఓడల్ని రేవులోకి లాగే టగ్గు పడవ మీద ఇంజను డ్రైవరు. మూడో ఆయన మా ఆయన. రెండో ఆయన భార్యే ఇప్పుడు పోయిన మనిషి. నేను ఆవిడని అక్కా అని పిలిచేదాన్ని.

అక్కది ఇక్కడి ఊరే. తండ్రి రైల్వే షెడ్డులో పనిచేసేవాడు, కూతుర్ని టీచరు ట్రైనింగ్ దాకా చదివించాడు. బళ్ళో ఆవిడ పుస్తకాల తెలుగే మాట్లాడేది. కోపం వస్తే మాత్రం 'నేను' కాస్తా 'నాను' అయిపోయేది, 'ఏమిటి' కాస్తా 'ఏటి' అయిపోయేది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ మాటలు నాకు సగమే అర్థమయ్యేవి. కోపం మాత్రం పూర్తిగా అర్థమయ్యేది. కాఫీ నిలబడే తాగేది. చీర కుచ్చెళ్ళు ఎత్తి బొడ్లో దోపుకునే ఇల్లంతా తిరిగేది. కూర్చుని మాట్లాడే తీరిక ఆవిడకి ఉన్నట్టే నాకు జ్ఞాపకం లేదు.

డెబ్బైల చివర్లో వాళ్ళాయన ఒక పాత అంబాసిడర్ కొన్నాడు. తెల్లది. ఆదివారం పొద్దుటిపూట, జనం లేనప్పుడు, బీచి రోడ్డు మీద ఆవిడకి నడపడం నేర్పాడు. ఆడమనిషికి కారెందుకని ఎవరైనా అంటే, "నేను టగ్గు మీదుంటే మరి కారెవరు తోల్తారండీ" అని నవ్వేసేవాడు. మంచి మనిషి. ఒకసారి హార్బరు గేటు బయట బండి పెట్టి డ్యూటీకి వెళ్ళి వచ్చేసరికి వెనక చక్రం లేదు. ఇటుకల మీద కూర్చుని ఉంది కారు. ఆ తర్వాతే ఓడ మీద పనిచేసే స్నేహితుడి చేత లాకు నట్లు తెప్పించాడు, ఒక్కో చక్రానికి ఒక్కోటి. మామూలు నట్టుకి పలకలుంటాయి, పానా పడుతుంది. వీటి తల గుండ్రంగా, నున్నగా ఉండేది. ముఖం మీద వంకరటింకర గాడి ఒకటుండేది. ఆ గాడిలో ఇమిడే పళ్ళున్న చిన్న ఇనుప ముక్క పెట్టి తిప్పితే తప్ప అది ఊడదు. దాన్నే మేం నట్టు తాళం అనేవాళ్ళం.

ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదాయన. కామెర్లు వచ్చి పోయాడు. పాప అప్పటికింకా చిన్నది.

కర్మలయ్యాక బావగారు దగ్గరుండి తమ్ముడి వస్తువులన్నీ సర్దించారు. కారు తాళాలు అక్క కొంగున ముడేసుకుంది కాబట్టి అవి దక్కాయి. కారు సొరుగులో ఉన్న నట్టు తాళం ఆయన జేబులోకి వెళ్ళింది. ఆ రోజుల్లో ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. కారు నెలల తరబడి వీధిలోనే నిలబడి ఉప్పుగాలి తింది. వెనక ఎడమ టైరు నేలకి అంటుకుపోయింది.

స్టీలు ప్లాంటు కడుతున్న రోజులవి. కూర్మన్నపాలెం దగ్గర కొత్త కాలనీలో బడి పెడితే అక్కకి ఉద్యోగం దొరికింది. కంచరపాలెం నుంచి అంత దూరానికి పొద్దున్న బస్సు దొరకడం ఎంత కష్టమో అప్పుడు తిరిగినవాళ్ళకి తెలుసు. దొరికినా లోపల కాలు పెట్టే చోటుండేది కాదు. రోజూ ఆలస్యమే. హెడ్మాస్టరు ఒక శనివారం పిలిచి, సోమవారం నుంచి మొదటి గంటకి రాకపోతే ఇంకొకర్ని చూసుకుంటామని చెప్పేశాడు. అక్క వాదించలేదట. తిన్నగా ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా బావగారి వాటాలోకి వెళ్ళింది. నేను నూతి దగ్గర బట్టలు పిండుతున్నాను. ప్రతి మాటా వినబడింది.

"బావగారూ, నట్టు తాళం మీ దగ్గరుందంట. ఇప్పించండి. చక్రం మార్చుకోవాలి."

"ఉందమ్మా, భద్రంగానే ఉంది. నీకెందుకమ్మా ఇప్పుడా తలనొప్పి? మా బావమరిది బండి కావాలన్నాడు, నేను మాటిచ్చేశాను. వచ్చే నెలలో వచ్చి తోలుకుపోతాడు."

"నా బండికి మీరు మాటిచ్చీడమేటి?"

"చూడమ్మా, భర్త పోయిన మనిషివి. కారు నడుపుకుంటూ వీధిన పడితే నలుగురూ ఏమనుకుంటారు? నీ మంచి కోసమే కదా చెబుతున్నాను. గొంతు పెంచకు. శాంతంగా ఆలోచించు."

"నాకు శాంతం నేర్పకండి. నా వస్తువు నాకిచ్చీండి."

ఇవ్వలేదాయన. పేపరు విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

బావగారు ఆ రోజే కాదు, జీవితంలో ఎప్పుడూ గొంతు పెంచలేదు. ఆ మెత్తదనాన్ని నేను ఈనాటికీ క్షమించలేదు. తిట్టే మనిషిని ఎదురు తిట్టొచ్చు. అమ్మా అమ్మా అంటూ పీక మీద కాలేసే మనిషిని ఏం చెయ్యాలి? గొంతు పెంచితే తప్పు మనదవుతుంది. పెంచకపోతే వస్తువు వాళ్ళదవుతుంది. పదకొండో రోజు భోజనాల్లో అక్కకి శాంతమూర్తి అని పేరు పెడుతుంటే, ఆ పేపరు చాటు మొహమే మళ్ళీ మాట్లాడుతున్నట్టనిపించింది నాకు.

ఆ సాయంత్రమే అక్క ఒక మెకానిక్కుని పిల్చుకొచ్చింది. వాడు నట్టుని చూసి, ఇదెంతసేపు అని, ఒక ఇనప గొట్టాన్ని దాని తల మీద బిగించి సుత్తితో బాదాడు. గొట్టం జారింది. మళ్ళీ బాదాడు. గాడి అంచులు చితికి మూసుకుపోయాయి. "ఇక తాళం తెచ్చినా పట్టదమ్మా. షెడ్డుకి లాక్కెళ్ళాల, వారం పడతాది" అని చెప్పి, తన గొట్టం తను తీసుకుని వెళ్ళిపోయాడు. చెడగొట్టినందుకు ఒక్క మాట నొచ్చుకోలేదు. అక్క అలా నిలబడి చూసింది. తర్వాత పుట్టింటికి వెళ్ళి, తండ్రి సంచీలోంచి ఇనుము కోసే ఉలీ, బరువైన సుత్తీ పట్టుకొచ్చింది. నట్టు చుట్టూ కిరసనాయిలు పోసి, గుడ్డ చుట్టి, పాపకి అన్నం పెట్టుకోవడానికి లోపలికి పోయింది.

ఆదివారం పొద్దున్నే దెబ్బలు మొదలయ్యాయి. వీధి గుమ్మాల్లోకి జనం వచ్చేశారు. బావగారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. "చిన్నమ్మాయిని లోపలే ఉండమను" అని మా ఆయనతో చెప్పారు. చిన్నమ్మాయంటే నేను. నేను లోపలే ఉన్నాను, కాసేపు. దెబ్బల మధ్యలో ఒకసారి "అబ్బా" అని వినబడింది. కిటికీలోంచి చూస్తే అక్క ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఉలి జారి బొటనవేలి మొదట్లో చీరుకుపోయింది. రక్తం చీర మీద కారుతోంది. మళ్ళీ సుత్తి అందుకుంది.

ఇంక ఉండలేక బయటికొచ్చేశాను. బావగారి ముందు నుంచే నడిచి వెళ్ళాలి మరి. వెళ్ళి అక్క పక్కన కూర్చుని, "ఉలి నేను పట్టుకుంటానండీ, మీరు కొట్టండి" అన్నాను.

"సెయ్యి మీద పడతాదేమో."

"పడితే తిడతాను."

ఆవిడ నా వంక చూసి, ఉలి నా చేతికిచ్చింది. నట్టు అంచులో ముందు చిన్న గంటు పడేలా కొట్టాలి. తర్వాత ఆ గంటులో ఉలి ఏటవాలుగా ఆనించి, నట్టు ఊడే వైపుకి, అంటే ఎడమకి తిరిగేలా కొడుతూ పోవాలి. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి మాత్రం ప్రతి దెబ్బకీ నా పళ్ళు కూడా అదిరేవి.

జాలరిపేట నుంచి ఆదివారం పూట మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ అప్పుడే వచ్చింది. గంప దింపి, నడుం మీద చెయ్యేసుకుని చూసింది.

"ఓలమ్మ, ఏటీ పని? అమ్మగారు కొలిమి పెట్టీసినారేటి?"

"తాళం దాసీసినారు. నాను ఇరగ్గొడతన్నాను" అంది అక్క, సుత్తి ఆపకుండా.

"దాసినోడి సెయ్యి ఇరగ్గొట్టాల గానీ, నోరు లేని సెక్రం మీద పడ్డావేటమ్మా?"

వీధిలో ఎవరో కిసుక్కున నవ్వారు. బావగారి చెవిన పడకుండా ఉంటుందా? కాసేపటికి ఆయన మెట్లు దిగి వచ్చారు. తెల్లటి పంచె, ఇస్త్రీ లాల్చీ. జేబులోంచి నట్టు తాళం తీసి అరచేతిలో పెట్టుకుని, అందరికీ కనబడేలా చెయ్యి చాచారు.

"ఏమ్మా, నేనేమైనా ఇవ్వనన్నానా? ఇంత రచ్చ దేనికి? ఇదిగో తీసుకో."

ఆ మాట విన్నప్పుడు నాలో ఏం జరిగిందో సరిగ్గా చెప్పలేను. చేతిలో ఉలి ఉందని మాత్రం గుర్తుంది. నిన్న సాయంత్రం ఆ ముక్క ఇచ్చి ఉంటే ఈ నట్టు చెడేది కాదు, ఆ చెయ్యి తెగేది కాదు. అక్క లేవలేదు. నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుని, "మీరే పెట్టి సూడండి బావగారూ" అంది.

ఆయన ఒక్క క్షణం తటపటాయించారు. అందరూ చూస్తున్నారు. పంచె ఎగదోపుకుని, గొంతుక్కూర్చుని తాళం పెట్టారు. అది పట్టలేదు. గాడి లేదు కదా, ఎక్కడ పడుతుంది? నొక్కిపట్టి తిప్పారు. జారిపోయి చెయ్యి చక్రానికి కొట్టుకుంది. పంచె నిండా కిరసనాయిలు, తుప్పు. చేపలావిడ పకపకా నవ్వేసింది. ఆయన లేచి, తాళం కారు డిక్కీ మూత మీద పెట్టి, మా ఆయన వైపు తిరిగి, "నువ్వైనా చెప్పరా మీ వదినకి" అన్నారు.

మా ఆయన అన్నగారికి ఎదురు చెప్పి ఎరగని మనిషి. ఆ రోజు మాత్రం గోడ పక్కనున్న ఇటుక తీసుకొచ్చి, కారు కదలకుండా ముందు చక్రం కింద ఎగదన్ని, వెళ్ళి అక్క వెనకాల నిలుచున్నాడు. మా పెళ్ళయ్యాక ఆయన మీద నాకు నిజంగా ఇష్టం కలిగింది ఆ ఇటుక దగ్గరే.

ఎండ నడినెత్తికి రాకముందే నట్టు కీచుమంది. వెంట్రుకవాసి కదిలింది. అక్క ఇంకో దెబ్బ వేసింది, ఇంకొకటి. తర్వాత చేత్తోనే తిరిగి ఊడి వచ్చింది. వీధిలో వాళ్ళు చప్పట్లు కొట్టబోయారు గానీ ఆవిడ మొహం చూసి మానేశారు. మా ఆయన జాకీ పెట్టి స్టెప్నీ బిగించాడు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. అక్క లేచి, ఉలి పట్టుకుని, రెండో వెనక చక్రం దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

"అక్కా, దానికి తాళం పడుతుంది కదండీ. బాగానే ఉంది కదా ఆ నట్టు" అన్నాను.

"పడతాది. నాకొద్దు."

"చెయ్యి చూసుకోండి ముందు."

"నువ్వు ఎల్లు. నాను సేసుకుంతాను."

ఆ క్షణంలో నాకు ఆవిడ మీద కూడా కోపం వచ్చింది. భుజాలు లాగేస్తున్నాయి, అరచేతులు బొబ్బలెక్కాయి, తాళం కారు మూత మీద కళ్ళెదురుగా ఉంది. ఆవిడ దాని వంక చూడనైనా చూడదు. అయినా వెళ్ళలేదు నేను. ఉలి పట్టుకున్నాను. మధ్యలో గుక్కెడు నీళ్ళ కోసం లోపలికి వెళ్తే, బావగారి భార్య, ఎప్పుడూ నోరు విప్పని మనిషి, తలుపు చాటు నుంచి పసుపు పొట్లం నా చేతిలో పెట్టి తప్పుకుంది. దాంతో కట్టు కట్టాం. సాయంత్రం దీపాల వేళకి నాలుగు చక్రాలకీ ఒక్క లాకు నట్టు మిగల్లేదు. వాటి చోట మామూలు నట్లు బిగించాం.

అప్పుడు తీసింది అక్క ఆ తాళాన్ని. బావగారి వరండా ఎక్కి, ఆయన పేపరు మీద పెట్టింది.

"ఇది మీదే. దాసుకోండి. నా బండికి ఇంక తాళం లేదు."

సోమవారం అక్క మొదటి గంటకి ముందే బళ్ళో ఉంది. కట్టు కట్టిన చేత్తోనే నడిపింది. ఆ వైపు వెళ్ళే ఇద్దరు టీచర్లని కూడా ఎక్కించుకుంది. ఎనభైలన్నీ అలాగే గడిచాయి. బావమరిది బండి కోసం రానే లేదు. బావగారు మాతో కొన్నేళ్ళు మాట్లాడలేదు. మళ్ళీ మాట్లాడటం మొదలెట్టాక మాత్రం, వచ్చినవాళ్ళకి చెప్పడం మొదలెట్టారు, మరదలికి తానే కారిచ్చి నిలబెట్టానని. ఒక పెళ్ళి పందిట్లో అలాగే చెబుతుంటే, ఆడవాళ్ళ వైపు నుంచి అక్క లేచి అడిగింది. "ఏ సేత్తో ఇచ్చినారు బావగారూ?" ఆయన నవ్వి, తమలపాకులు సర్దుకున్నారు. అక్క బతికున్నన్నాళ్ళూ ఆ మాట మళ్ళీ ఎవరూ అనలేదు. పోయిన పదకొండో రోజున అన్నారు.

ఆవిడ కోపమంతా న్యాయమైనదేనని నేననను. బావగారి కూతురి పెళ్ళికి మా ఆయనా నేనూ వెళ్ళామని నెలల తరబడి నాతో మాట్లాడలేదు. ఆ పిల్ల ఏం చేసిందండీ అని అడిగాను. తలుపు వేసేసుకుంది. కూతుర్ని కూడా ఆ కోపంతోనే పెంచింది. అది చాలా రోజులు తల్లికి ఎడంగానే ఉంది. అలవాటైన కోపం అవసరం తీరాక కూడా ఇంట్లోనే ఉండిపోతుంది. అది నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. ఒకసారి తనే అంది, "తగ్గించుకుందారనే ఉంతాది. తగ్గిత్తే మళ్ళీ ఎవలో వచ్చి నెత్తి మీద కూకుంతారని బయం."

మాటలు మళ్ళీ కలిశాక నాకు కారు నేర్పింది ఆవిడే. నేను అడగలేదు. ఒక ఆదివారం వచ్చి, "రా, ఎక్కు" అంది. స్టీరింగు ఇచ్చే ముందు చక్రం విప్పించి, బిగింపించింది. "కాల్తో కాదు, ముందు కంటితో బ్రేకెయ్యి" అనేది. తప్పు చేస్తే తిట్టేది, అదే తప్పు రెండోసారి చేస్తే తిట్టకుండా బయటికి చూసేది. ఆ చూపే ఎక్కువ నొప్పి. నేను ఒంటరిగా కూర్మన్నపాలెం దాకా నడిపి వచ్చిన రోజున గుమ్మంలో నిలబడి కాఫీ గ్లాసు చేతికిచ్చింది. మెచ్చుకోలేదు. నేనూ థాంక్స్ చెప్పలేదు. మా మధ్య ఆ మాటలు ఉండేవి కాదు. ఇప్పుడు చెప్పాలనిపిస్తోంది.

ఆవిడని తలచుకుంటే నాకు ఎప్పుడూ కనబడేది ఒక పొద్దుటి పూట. నేను పక్క సీట్లో ఉన్నాను. రైలు గేటు పడి ఉంది. పోర్టుకి ఖనిజం మోసుకెళ్ళే గూడ్సు పెట్టె తర్వాత పెట్టె వెళుతోంది, ఎంతకీ తెగడం లేదు. మా చుట్టూ లారీల వాళ్ళు ఇంజన్లు ఆపేసి, బీడీలు వెలిగించుకుని రోడ్డు మీద కూర్చున్నారు. ఎర్రటి దుమ్ము వచ్చి మా అద్దం మీద పరుచుకుంటోంది. అక్క ఒకసారి వైపరు వేసింది. ఎరుపు అటూ ఇటూ చారలై, మధ్యలో కొంచెం దారి కనబడింది. గేటు ఇంకా లేవలేదు. ఆవిడ ఇంజను ఆపలేదు. క్లచ్చు తొక్కిపట్టి, గేరు వేసేసి, ముందుకి వంగి ఆ గేటు కర్ర వంకే చూస్తోంది.